థీమ్ పెట్టే ముందే, తీసేస్తే ఏం మిగులుతుందో చూసుకోండి

వెబ్‌సైట్‌కి థీమ్, అంటే సైట్ రూపాన్ని నిర్ణయించే ఫైళ్ల మూట, ఎంచుకునేటప్పుడు దాదాపు అందరూ చూసేది డెమో పేజీనే. పెద్ద ఫొటో, అందమైన అక్షరాలు, కిందకి జరిపేకొద్దీ మెల్లగా తేలివచ్చే బొమ్మలు చూడగానే నచ్చేస్తుంది. బటన్ నొక్కితే రెండు నిమిషాల్లో సైట్ రూపం మారిపోతుంది. కొన్నాళ్లకి దాన్ని తయారుచేసినవాళ్లు అప్‌డేట్లు ఆపేస్తారు, లేదా ఫోన్లలో సైట్ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది. సరే, మారుద్దామని ఇంకో థీమ్ వేసి చూస్తే అప్పుడు మొదలవుతుంది టెన్షన్. మెనూ కనిపించదు, పక్కన ఉండాల్సిన విడ్జెట్లు (పక్క పట్టీలో పెట్టే చిన్న పెట్టెలు) ఎక్కడికో పోతాయి, వ్యాసాల మధ్యలో చదరపు బ్రాకెట్లలో అర్థంకాని కోడ్ తేలుతుంది.

అందుకే రెండు థీముల మధ్య ఏది తీసుకోవాలని ఎవరడిగినా నేను ముందు చూడమనేది ఒక్కటే: రేపు దీన్ని తీసేస్తే నా సైట్‌లో ఏం మిగులుతుంది? రంగులు, అక్షరాలు, అమరిక పోతే పోనీ, అవి థీమ్ ఇచ్చినవే. రాసిన వ్యాసాలు, ఫొటోలు, మెనూలు, ఫారాలు మాత్రం చెక్కుచెదరకూడదు. ఈ పరీక్షకి నిలబడని థీమ్ ఎంత అందంగా ఉన్నా నేను సిఫారసు చేయను.

రూపాన్ని విషయం నుంచి పూర్తిగా విడదీయవచ్చని చూపించడానికి 2003లో డేవ్ షే అనే డిజైనర్ సీఎస్ఎస్ జెన్ గార్డెన్ అనే సైట్ పెట్టారు. అందులో పేజీ ఒక్కటే, రాతనీ నిర్మాణాన్నీ చెప్పే కోడ్ హెచ్‌టీఎంఎల్ ఒక్క అక్షరం కూడా మారదు. రూపాన్ని చెప్పే స్టైల్ ఫైల్ (సీఎస్ఎస్) మార్చితే చాలు, అదే పేజీ పాత పుస్తకంలా, పోస్టర్‌లా, ఇంకెన్నో రూపాల్లో కనిపిస్తుంది. థీమ్ అంటే ఆదర్శంగా అలా ఉండాలి. వాస్తవంలో చాలా థీములు రూపంతో ఆగవు. స్లైడర్, కాంటాక్ట్ ఫారం, పోర్ట్‌ఫోలియో, టెస్టిమోనియల్స్ అన్నీ తామే ఇస్తామంటాయి. వినడానికి బాగుంటుంది, కానీ చిక్కంతా అక్కడే. థీమ్ ఇచ్చిన పోర్ట్‌ఫోలియో విభాగంలో మీరు పెట్టిన పనులన్నీ, ఆ థీమ్ తీసేయగానే సైట్‌లోంచీ, దాన్ని నడిపే లోపలి పేజీలైన డాష్‌బోర్డులోంచీ కూడా కనిపించకుండా పోతాయి. డేటాబేస్‌లో ఉంటాయి, కానీ చూపించే కోడ్ ఉండదు. వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టుకునే సాఫ్ట్‌వేర్) అధికారిక థీమ్ డైరెక్టరీలో ఇలాంటివి ప్లగిన్లు, అంటే సైట్‌కి విడిగా తగిలించే చిన్న ప్రోగ్రాములు, చేయాల్సిన పనులని చెప్పి థీముల్లో ఒప్పుకోరు. బయట అమ్మే థీములకి ఆ నియమం లేదు. కాబట్టి కొనే ముందు ఫీచర్ల జాబితా చదివి, ఇందులో ఏవి థీమ్‌లోనే ఉన్నాయి, ఏవి విడి ప్లగిన్‌గా వస్తాయి అని అమ్మేవాళ్లని అడగండి. విడి ప్లగిన్‌గా వస్తే థీమ్ మార్చినా ఆ విభాగం బతుకుతుంది.

అసలు థీమ్ మార్చాలా?

చాలామందికి నిజానికి కావలసింది కొత్త థీమ్ కాదు. హెడర్ రంగు నచ్చలేదు, అక్షరాలు చిన్నగా ఉన్నాయి, వరుసల మధ్య ఎడం చాలడం లేదు, అంతే. వీటికోసం సైట్ మొత్తాన్ని కదిలించడం అనవసరం. కొన్ని వరుసల సీఎస్ఎస్ రాస్తే సరిపోతుంది. వర్డ్‌ప్రెస్‌లో 2016 డిసెంబరులో వచ్చిన 4.7 వెర్షన్ నుంచి దీనికోసం 'అడిషనల్ సీఎస్ఎస్' అనే చోటు ఉంది. అక్కడ రాసింది చెరిపేస్తే రూపం వెంటనే వెనక్కి వస్తుంది. ఇంతకన్నా సులువుగా తీసేయగలిగే మార్పు ఇంకొకటి లేదు. ఒక్కటి తెలుసుకోండి: అక్కడ రాసిన కోడ్ ఆ థీమ్‌కే కట్టుబడి ఉంటుంది. థీమ్ మార్చితే వెంట రాదు, పాత థీమ్‌కి తిరిగొస్తే మళ్లీ కనిపిస్తుంది.

తెలుగులో రాసే సైట్లకి ఈ చిన్న మార్పు చాలాసార్లు పెద్ద థీమ్ కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల కోసం పెట్టిన వరుస ఎత్తులో మన గుడులు, వత్తులు ఇరుక్కుపోతాయి, పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. లైన్ హైట్ కాస్త పెంచి, తెలుగు ఉన్న ఫాంట్‌ని స్పష్టంగా పేర్కొంటే అదే థీమ్ చదవడానికి హాయిగా మారుతుంది. నోటో సాన్స్ తెలుగు, మండలి, సూరన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

మార్పులు కొన్ని వరుసలు దాటి, హెడర్ నిర్మాణమో వ్యాసం పేజీ అమరికో మార్చాలంటే చైల్డ్ థీమ్ మంచిది. అసలు థీమ్ ఫైళ్లని ముట్టుకోకుండా, పక్కన చిన్న ఫోల్డర్‌లో మీ మార్పులు మాత్రమే పెట్టుకుంటారు. అసలు థీమ్‌కి అప్‌డేట్ వచ్చినా మీ పని చెడదు. అసలు థీమ్ ఫైళ్లలోనే దిద్దుకుంటే తర్వాతి అప్‌డేట్‌లో అంతా తుడిచిపెట్టుకుపోతుంది, ఆ దారి వద్దు. చైల్డ్ థీమ్ నచ్చకపోతే మళ్లీ అసలు థీమ్‌ని యాక్టివేట్ చేయడమే. అయితే చాలామందిని కంగారుపెట్టే సంగతి ఒకటుంది. కస్టమైజర్‌లో (థీమ్ రూపాన్ని సర్దుకునే పేజీలో) పెట్టిన లోగో, రంగుల్లాంటి సెట్టింగులు థీమ్ పేరు మీద డేటాబేస్‌లో నిలుస్తాయి. అసలు థీమ్ నుంచి చైల్డ్‌కి మారగానే అవి పోయినట్టు కనిపిస్తాయి. నిజానికి పోవు, పాత పేరు మీదే ఉంటాయి. అందుకే చైల్డ్ థీమ్ వాడాలనుకుంటే సెట్టింగులన్నీ చేసుకోకముందే, మొదటిరోజే వేసుకోండి.

పాత సైట్ నిర్మాణమే అడ్డొస్తున్నప్పుడు, థీమ్‌కి అప్‌డేట్లు ఆగిపోయినప్పుడు, ఫోన్లలో సరిగా కనిపించనప్పుడు మాత్రమే పూర్తి మార్పు వైపు వెళ్లండి.

క్లాసిక్ థీమా, బ్లాక్ థీమా?

వర్డ్‌ప్రెస్‌లో ఇప్పుడు రెండు రకాలున్నాయి. పాతవి క్లాసిక్ థీములు, వాటిని కస్టమైజర్‌తో సర్దుకుంటాం. 2022 జనవరిలో వచ్చిన 5.9 వెర్షన్‌తో బ్లాక్ థీములు మొదలయ్యాయి, వాటికి సైట్ ఎడిటర్ ఉంటుంది. హెడర్, ఫుటర్, వ్యాసం పేజీ అన్నీ బ్లాకులతోనే, అంటే పేరా, బొమ్మ, మెనూ లాంటి విడి ముక్కలతోనే కడతాం. రంగులు, ఫాంట్లు, ఎడాలు థీమ్ డాట్ జేసన్ అనే ఒక్క ఫైల్లో ఉంటాయి.

తీసేయడం దృష్ట్యా చూస్తే బ్లాక్ థీమ్ ఎక్కువ నిజాయితీగా ఉంటుంది. సైట్ ఎడిటర్‌లో మీరు మార్చిన టెంప్లేట్లు డేటాబేస్‌లో ఆ థీమ్ పేరుతో భద్రంగా ఉంటాయి. వేరే థీమ్‌కి వెళ్లి తిరిగొస్తే మీ మార్పులు ఉన్నట్టే ఉంటాయి. నావిగేషన్ మెనూలు, సింక్ చేసిన ప్యాటర్నులు (ఒకసారి కట్టి చాలాచోట్ల వాడుకునే బ్లాకుల గుంపులు) ఏ థీమ్‌కీ కట్టుబడవు, అవి సైట్‌వి.

అలాగని చిక్కులే లేవని కాదు. బ్లాక్ ఎడిటర్‌లో ఒక పేరాకి థీమ్ ఇచ్చిన రంగుల పలకలోంచి రంగు వేస్తే, వ్యాసంలో నిలిచేది రంగు కాదు, ఆ రంగు పేరు. కొత్త థీమ్‌లో ఆ పేరుతో రంగు లేకపోతే అక్షరాలు మామూలు రంగులోకి పోతాయి. అదే పేరుతో వేరే రంగు ఉంటే ఆ రంగు పడుతుంది. ముదురు నేపథ్యం మీద తెల్లటి అక్షరాలు పెట్టిన చోట నేపథ్యం మాత్రమే పోయి, తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలు మిగిలే ప్రమాదముంది. వ్యాసాల్లో విడివిడిగా రంగులు వేసే అలవాటు తగ్గించుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

కొత్తగా సైట్ మొదలుపెడుతుంటే నా ఓటు బ్లాక్ థీమ్‌కే. వర్డ్‌ప్రెస్‌తో వచ్చే డిఫాల్ట్ థీముల్లో ట్వంటీ ట్వంటీ-టూ నుంచి అన్నీ బ్లాక్ థీములే, వాటిలో ఒకదాంతో మొదలుపెట్టినా తక్కువేం కాదు. ఏళ్లుగా నడుస్తున్న సైట్‌లో విడ్జెట్లు, కస్టమైజర్ సెట్టింగులు నిండుగా ఉంటే, బలమైన కారణం లేకుండా బ్లాక్ థీమ్‌కి దూకొద్దు. ఒక మంచి క్లాసిక్ థీమ్ నుంచి ఇంకో క్లాసిక్ థీమ్‌కి మారడం చాలా తక్కువ శ్రమ. 2017లో వచ్చిన 4.9 వెర్షన్ నుంచి మెనూలనీ విడ్జెట్లనీ కొత్త థీమ్‌లో తగిన చోట్లకి చేర్చడానికి వర్డ్‌ప్రెస్ తనే ప్రయత్నిస్తుంది. కుదరని విడ్జెట్లు 'ఇనాక్టివ్ విడ్జెట్స్' కింద దాక్కుంటాయి, పోయాయని అనుకోకుండా ముందు అక్కడ వెతకండి.

పేజ్ బిల్డర్లు

లాగి పెట్టి పేజీలు కట్టే పేజ్ బిల్డర్ల విషయంలో నేను గట్టిగానే చెప్తాను: వాటితో పని త్వరగా అవుతుంది, కానీ అవి థీమ్ కన్నా లోతుగా పాతుకుపోతాయి. థీమ్ మార్చడం ఒక పని అయితే బిల్డర్ మార్చడం సైట్‌ని తిరిగి రాసుకోవడంతో సమానం. అన్నీ ఒకేలా ఉండవు, తేడా ఉంది. డబ్ల్యూపీబేకరీ లాంటివి అమరికని షార్ట్‌కోడ్‌ల (చదరపు బ్రాకెట్లలో రాసే ఆదేశాల) రూపంలో వ్యాసంలోనే రాస్తాయి, ఆపేయగానే ఆ బ్రాకెట్ల కోడ్ అంతా పాఠకుడికి కనిపిస్తుంది. ఎలిమెంటర్ అమరికని వేరుగా దాచి, వ్యాసంలో సాదా హెచ్‌టీఎంఎల్ ఉంచుతుంది, ఆపేస్తే అమరిక పోయినా మాటలు, బొమ్మలు మిగులుతాయి. బీవర్ బిల్డర్ కూడా చదవగలిగే హెచ్‌టీఎంఎల్ వదిలిపెడుతుంది. వర్డ్‌ప్రెస్ సొంత బ్లాక్ ఎడిటర్ ఈ విషయంలో అన్నిటికన్నా మెరుగు, ఎందుకంటే రాసింది హెచ్‌టీఎంఎల్‌గానే నిలుస్తుంది.

తప్పనిసరిగా బిల్డర్ వాడాలంటే హోం పేజీకి, ఒకటి రెండు ప్రచార పేజీలకి పరిమితం చేయండి. వందల వ్యాసాలు మాత్రం సాదా ఎడిటర్‌లోనే రాయండి. వాడబోయే బిల్డర్‌తో ఒక పరీక్ష పేజీ కట్టి, దాన్ని ఆపేసి, పేజీ ఎలా ఉందో ఒకసారి చూడండి. ఏ సమీక్ష చదివినా దొరకని జవాబు అక్కడే దొరుకుతుంది.

వేదికని బట్టి

మీరు వర్డ్‌ప్రెస్ మీద లేకపోతే స్వేచ్ఛ ఎంతన్నది వేదిక నిర్ణయిస్తుంది. విక్స్ ఎడిటర్‌లో ఒక టెంప్లేట్ ఎంచుకుని సైట్ కట్టాక ఆ సైట్‌కి వేరే టెంప్లేట్ వేయడం కుదరదు. రంగులు, ఫాంట్లు మార్చుకోవచ్చు, కొత్త టెంప్లేట్ కావాలంటే కొత్త సైట్ కట్టాలి. స్క్వేర్‌స్పేస్ 7.0లో టెంప్లేట్ మార్పు ఉండేది, 7.1లో లేదు, స్టైల్ సెట్టింగులతోనే రూపం మార్చుకోవాలి. ఈ రెండింటిలోనూ మొదటి ఎంపికే చాలాకాలం ఉంటుంది కాబట్టి అక్కడ తొందరపడొద్దు.

అమ్మకాల సైట్లకి షాపిఫై పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. లైవ్‌లో ఒక్క థీమ్ ఉంటుంది, మిగతావి డ్రాఫ్టులుగా పక్కన ఉంటాయి, సాధారణ ప్లాన్లలో 20 దాకా ఉంచుకోవచ్చు. లైవ్ థీమ్‌కి నకలు తీసి, నకలు మీద ప్రయోగాలు చేసి, నచ్చితే పబ్లిష్ చేస్తారు, నచ్చకపోతే పాతదాన్నే మళ్లీ పబ్లిష్ చేస్తారు. వస్తువులు, ధరలు, మెనూలు థీమ్‌తో సంబంధం లేకుండా ఉంటాయి. హోం పేజీలో సెక్షన్లుగా పేర్చిన రాతలు, బ్యానర్లు మాత్రం థీమ్‌లోనే ఉంటాయి, కొత్త థీమ్‌లో మళ్లీ పేర్చుకోవాల్సిందే. ఒకసారి డిలీట్ చేసిన థీమ్‌లోని మీ మార్పులు తిరిగి రావు, కాబట్టి ముందు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఇంకో మాట. యాప్‌లు కొన్ని థీమ్ ఫైళ్లలో తమ కోడ్ చొప్పిస్తాయి, యాప్ తీసేసినా ఆ కోడ్ అలాగే ఉండిపోతుంది. 2021లో వచ్చిన ఆన్‌లైన్ స్టోర్ 2.0 పద్ధతిలో యాప్ బ్లాకులుగా చేరేవి ఈ బెడద లేకుండా శుభ్రంగా పోతాయి. రెండు యాప్‌ల మధ్య తేల్చుకోలేనప్పుడు బ్లాకులుగా చేరేదాన్నే తీసుకోండి.

బ్లాగర్‌లో పోస్టులకి భయం లేదు, కానీ థీమ్ మార్చేటప్పుడు కొన్ని గాడ్జెట్లు (విడ్జెట్లలాంటి చిన్న పెట్టెలు) పోవచ్చు. మార్చే ముందు థీమ్ విభాగంలో బ్యాకప్ తీస్తే ఎక్స్‌ఎంఎల్ ఫైల్ వస్తుంది, తిరిగి వెళ్లాలంటే దాన్నే అప్‌లోడ్ చేస్తారు. జూమ్లాలో ఇంకెక్కడా అంత తేలిగ్గా దొరకని వెసులుబాటు ఉంది: ఒక్కో మెనూ అంశానికి వేర్వేరు టెంప్లేట్ స్టైల్ కేటాయించవచ్చు. కొత్త టెంప్లేట్‌ని ఒక్క పేజీ మీద పెట్టి చూసుకోవచ్చన్నమాట. మాడ్యూళ్ల (పేజీలో అక్కడక్కడ పెట్టే చిన్న పెట్టెల) స్థానాల పేర్లు టెంప్లేట్‌ని బట్టి మారతాయి, కొత్తదానిలో ఆ పేరు లేకపోతే మాడ్యూల్ కనిపించదు, అది గుర్తుంచుకోండి. ద్రూపల్‌లో పరిపాలన పేజీలకి వేరే థీమ్ పెట్టుకోవచ్చు కాబట్టి బయటి రూపం చెడినా లోపలికి వెళ్లి సరిచేసుకోవచ్చు.

ఎక్కడ పెట్టి చూడాలి?

లైవ్ ప్రివ్యూ, స్టేజింగ్, నేరుగా లైవ్ సైట్ మీద. ఈ మూడింటిలో లైవ్ సైట్ మీద ప్రయోగం ఎవరికీ అవసరం లేదు. ప్రివ్యూ తొలి వడపోతకి చాలు, వర్డ్‌ప్రెస్‌లో బ్లాక్ థీములకి కూడా 2023లో వచ్చిన 6.3 నుంచి అది ఉంది. కానీ ప్రివ్యూలో ఫారం నింపి పంపడం, కొనుగోలు పూర్తిచేయడం లాంటివి నిజంగా పరీక్షించలేరు. వాటికి సైట్ నకలు, అంటే స్టేజింగ్ కావాలి. చాలా హోస్టింగ్ సంస్థలు దాన్ని ఒక్క బటన్‌తో ఇస్తాయి. నకలులో హోం పేజీ ఒక్కటే చూసి ఊరుకోకండి. పొడవైన శీర్షిక ఉన్న వ్యాసం, పట్టిక ఉన్న పేజీ, వెతుకులాట ఫలితాల పేజీ, పేజీ దొరకలేదని చెప్పే పేజీ, ఇవన్నీ ఫోన్‌లో తెరవండి. డెమోలో ఎప్పుడూ చిన్న శీర్షికలే ఉంటాయి, మీ సైట్‌లో ఉండవు.

అక్షరాలకీ నేపథ్యానికీ మధ్య తేడా కూడా కొలవండి. వెబ్ అందుబాటు మార్గదర్శకాల ఏఏ స్థాయి ప్రకారం మామూలు అక్షరాలకి కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకి 3:1 నిష్పత్తి ఉండాలి. లేత బూడిద అక్షరాల థీములు ఫొటోలో సొగసుగా ఉంటాయి, ఎండలో ఫోన్ పట్టుకున్నవాళ్లకి కనిపించవు.

కొన్నిరోజుల రూపానికి, డార్క్ మోడ్‌కి

ఏదో సందర్భానికి కొన్నిరోజులు సైట్ రూపం మార్చాలన్నా, డార్క్ మోడ్ ఇవ్వాలన్నా థీమ్ మార్చొద్దు. రంగులన్నీ సీఎస్ఎస్ వేరియబుల్స్‌గా (పేరు పెట్టి దాచుకున్న విలువలుగా) ఒకచోట పెట్టి, పేజీ మొదటి ట్యాగ్‌కి ఒక గుర్తు తగిలిస్తే ఆ రంగులు మారేలా రాసుకోవాలి. గుర్తు తీసేస్తే పాత రూపం తిరిగొస్తుంది, ఏ సెట్టింగూ కదలదు. పాఠకుడి పరికరం ముదురు రూపం కోరుతోందా అన్నది బ్రౌజరే చెప్తుంది, ప్రధాన బ్రౌజర్లన్నీ 2020 నాటికే ఆ పని చేస్తున్నాయి. సైట్‌లో మార్చుకునే బటన్ కూడా ఇస్తే, పాఠకుడి ఎంపికని బ్రౌజర్‌లో దాచి, పేజీ గీయకముందే చదివే చిన్న స్క్రిప్ట్ హెడ్ భాగంలో పెట్టండి. లేకపోతే ప్రతి పేజీ తెరిచినప్పుడూ ఒక్క క్షణం తెల్లగా మెరిసి తర్వాత నల్లబడుతుంది. రాత్రిపూట చదివేవాళ్ల కళ్లకి అది నిజంగా బాధ.

తీసేయడంలో రెండు దశలు

ఆపడం వేరు, డిలీట్ చేయడం వేరు. ముందు వేరే థీమ్‌ని యాక్టివేట్ చేయాలి, వాడుకలో ఉన్న థీమ్‌ని వర్డ్‌ప్రెస్ డిలీట్ చేయనివ్వదు. చైల్డ్ థీమ్ వాడుకలో ఉంటే దాని అసలు థీమ్‌ని కూడా తీయనివ్వదు, కానీ ఎఫ్‌టీపీలో, అంటే సర్వర్ ఫైళ్లని నేరుగా తెరిచే దారిలో, ఫోల్డర్ చెరిపితే ఆపేదేమీ ఉండదు, సైట్ కూలుతుంది. మారే ముందు ఫైళ్లు, డేటాబేస్ రెండింటికీ బ్యాకప్ తీయండి, ఒక్కటి ఉంటే చాలదు.

మారిన వెంటనే చూసుకోవాల్సినవాటిలో అందరూ మరిచిపోయేది హెడర్‌లో అతికించిన కోడ్. సైట్ మీదేనని సెర్చ్ ఇంజన్‌కి చెప్పే వెరిఫికేషన్ ట్యాగ్, సందర్శకుల లెక్క చూపే కోడ్ పాత థీమ్ సెట్టింగుల్లో పెట్టి ఉంటే అవి దాంతోపాటే పోతాయి. పైకి ఏ తేడా కనిపించదు కాబట్టి నెల తర్వాత గానీ తెలియదు. వాటిని ముందే ఒక చిన్న ప్లగిన్‌లోకి మార్చేయండి. బొమ్మల కొలతలు కొత్త థీమ్‌కి సరిపోక ముక్కలైనట్టు కనిపిస్తే థంబ్‌నెయిల్స్ (బొమ్మల చిన్న నకళ్లు) మళ్లీ తయారుచేయించాలి. రూపం సగం పాతగా, సగం కొత్తగా ఉంటే క్యాష్ (త్వరగా చూపించడానికి దాచిన పాత నకళ్లు) ఖాళీ చేయండి, సీడీఎన్ (సైట్ ఫైళ్లని వేర్వేరు చోట్ల నుంచి అందించే సేవ) ఉంటే అక్కడ కూడా.

థీమ్ వేయగానే సైట్ తెల్లగా ఖాళీ అయిపోతే కంగారుపడొద్దు. 2019లో వచ్చిన 5.2 నుంచి వర్డ్‌ప్రెస్ అడ్మిన్ ఈమెయిల్‌కి రికవరీ మోడ్ లింకు పంపుతుంది. అది రాకపోతే డబ్ల్యూపీ-కంటెంట్ లోపలి థీమ్స్ ఫోల్డర్‌లో ఆ థీమ్ ఫోల్డర్ పేరు మార్చండి. తర్వాత డాష్‌బోర్డులో థీముల పేజీ తెరిస్తే, అది కనిపించక వర్డ్‌ప్రెస్ అక్కడున్న డిఫాల్ట్ థీమ్‌కి మళ్లుతుంది. ఒక డిఫాల్ట్ థీమ్‌ని ఎప్పుడూ ఉంచుకోమనేది ఇందుకే.

డబ్బు పెట్టి కొనాల్సిన థీమ్‌ని ఎవరో ఉచితంగా ఇస్తున్నారని మాత్రం ఎప్పుడూ వేయకండి. అలాంటివాటిలో దొంగ కోడ్ పెట్టడం మామూలే, థీమ్ తీసేసినా అది మిగతా ఫైళ్లలోకి పాకి ఉండవచ్చు.

ఇప్పటికే ఫీచర్లన్నీ మింగేసిన థీమ్‌లో చిక్కుకున్నవాళ్లు థీమ్ మార్పుతో మొదలుపెట్టకూడదు. పాత థీమ్ నడుస్తుండగానే ఫారాలని ఫారం ప్లగిన్‌కి, పోర్ట్‌ఫోలియోని విడి ప్లగిన్‌కి, షార్ట్‌కోడ్‌లున్న వ్యాసాలని బ్లాకుల్లోకి ఒక్కొక్కటిగా మార్చండి. ఎక్కువమంది చదివే పేజీలతో మొదలుపెట్టండి. అంతా బయటికి వచ్చాక కొత్త థీమ్ వేస్తే మారేది రూపం ఒక్కటే. పాత థీమ్‌ని వెంటనే డిలీట్ చేయకుండా రెండు వారాలు అలాగే ఉంచండి. ఏదైనా సెట్టింగ్ మరిచిపోయి ఉంటే వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. ఆ తర్వాత తప్పకుండా తీసేయండి, వాడని థీమ్ ఫైళ్లలో లోపం ఉన్నా సైట్‌లోకి చొరబడేవాళ్లకి అది దారే.